పువ్వు పూయకముందు పీకాలి, గుడ్డు పెట్టేదాకా ఆగాలి: డెల్టా ఊళ్లో జీవవైవిధ్యాన్ని కాపాడుకోవడం ఎలా

కాలువ నిండా ఊదారంగు పూలు విరిసి ఉంటే వంతెన మీద బండి ఆపి ఫొటోలు తీసుకునేవాళ్లు కనిపిస్తుంటారు. నాకు మాత్రం ఆ పూలు చూస్తే కడుపు మండుతుంది. గుర్రపుడెక్క పూసిందంటే ఆ ఏడు మనం అదను తప్పామని లెక్క. పూత అయ్యాక గింజ రాలి అడుగున బురదలో పడుతుంది. పడ్డ గింజ 15, 20 ఏళ్లయినా చావదు. ఇవాళ పది రోజులు బద్ధకించినందుకు మీ అబ్బాయి పెళ్లీడుకొచ్చేదాకా పీకుతూ ఉండాలి.

వ్యవసాయం చేసేవాళ్లకు అదను గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. మన నేలకీ నీటికీ వచ్చిపడ్డ రెండు ముప్పులకూ మందు అదే. ఎక్కడినుంచో వచ్చి మన చేపనీ మొక్కనీ మింగేసేవి ఒక రకం. వాటిని గింజ పడకముందే తీసెయ్యాలి. మనమే ఆశకు పోయి పట్టి పట్టి ఖాళీ చేసేవి ఇంకో రకం. వాటిని గుడ్డు పెట్టేదాకా వదిలెయ్యాలి. గోదావరి డెల్టాలో, అమలాపురం చుట్టుపక్కల మా ఊళ్లో కొంతమందిమి కలిసి, తప్పులు చేసి నేర్చుకున్న పద్ధతిని వరసగా చెబుతాను. మీ ఊరికి తగ్గట్టు మార్చుకోండి.

ముందు ఒక నోటుపుస్తకం

పలుగూ పారా పట్టుకునే ముందు రెండు వందల పేజీల నోటుపుస్తకం ఒకటి కొనండి. ఊళ్లో అరవై దాటినవాళ్లని, వల వేసేవాళ్లని, పశువులు కాసేవాళ్లని చెరువు గట్టున కూర్చోబెట్టి అడగండి. "మీ చిన్నప్పుడు ఈ చెరువులో ఏం దొరికేవండి?" అంటే చాలు. కొర్రమేను, నాటు మార్పు, గొరక, జెల్ల, వాలుగ, బొమ్మిడాయి, పరిగె, ఇలా గుక్క తిప్పుకోకుండా చెబుతారు. వాళ్లు ఏ పేరుతో పిలిస్తే ఆ పేరే రాయండి. పుస్తకాల పేర్లు తర్వాత చూసుకోవచ్చు.

పేజీని మూడు భాగాలు చేయండి. మొదటిదాంట్లో ఎప్పటినుంచో ఉన్నవి, రెండోదాంట్లో కొత్తగా వచ్చినవి. మూడో భాగంలో ఏ నెలలో ఏది పూస్తుంది, ఏది ఈనుతుంది, ఏది మొదట ఎక్కడ కనిపించింది అన్నది రాయాలి. అసలు పనికొచ్చేది ఈ మూడోదే. మా పుస్తకంలో మొదటి రెండు భాగాలూ నెలలో నిండాయి, మూడోది ఇప్పటికీ నింపుతూనే ఉన్నాం.

ఇక్కడ ఒక జాగ్రత్త. బయటినుంచి వచ్చిందల్లా శత్రువని రాసుకుంటే మిరపకాయ కూడా మానెయ్యాలి. అదీ పోర్చుగీసువాళ్ల ఓడల్లో వచ్చిందే. వేసినచోట ఉండి మనకు పనికొచ్చేదాని జోలికి వెళ్లొద్దు. వెయ్యకుండా మొలిచి, పక్కదాన్ని ఊపిరాడకుండా చేసి, పీకినా మళ్లీ లేచేదాని పేరు కింద గీత గీయండి.

కాలువలు కట్టేశాక

దాళ్వా (రెండో పంట) కోతలయ్యి ధవళేశ్వరం ఆనకట్ట నుంచి నీళ్లు ఆపేశాక, మళ్లీ జూన్‌లో సార్వాకి (తొలి పంటకి) వదిలేలోపు ఉన్న ఆ కొద్ది వారాలూ కాలువ పనికి బంగారం లాంటివి. నీళ్లు తగ్గి, డెక్క ఒకచోటికి చేరి ఉంటుంది. మోకాలి లోతులో నిలబడి పని చేయొచ్చు. ఈ అదను పోతే మళ్లీ ఏడాది ఆగాలి.

డెక్క అమెజాన్ నది ప్రాంతపు మొక్క. పువ్వు బాగుందని 19వ శతాబ్దం చివర్లో మన దేశానికి తెచ్చారు. నీళ్లలో ఎరువు సారం ఉండి ఎండ తగిలితే రెండు వారాల్లో రెట్టింపు అవుతుంది. డెల్టా చేలల్లోంచి యూరియా కలిసిన నీళ్లన్నీ మురుగు కాలువల్లోకే కదా వెళ్లేది. దానికి అంతకంటే మంచి మడి ఎక్కడ దొరుకుతుంది?

పని ఎగువనుంచి మొదలుపెట్టండి. దిగువన శుభ్రం చేసి పైన వదిలేస్తే వారం తిరిగేసరికి మళ్లీ తేలివచ్చి కూర్చుంటుంది. ఎగువ ఊరివాళ్లు కలిసిరాకపోతే మీ ఊరి పొలిమేరలో కాలువకి అడ్డంగా లావు వెదుర్లు కట్టి నీటి మీద తేలేలా వదలండి. వచ్చిన డెక్క అక్కడే ఆగుతుంది, అక్కడే తీయొచ్చు. నీటి సంఘంవాళ్లకి చెప్పే కట్టండి. లాకుల దగ్గరా తూముల దగ్గరా మాత్రం కట్టొద్దు, నీరు ఎగదన్ని గట్టు తెగుతుంది.

కొడవలి పెట్టి కోయొద్దు. తెగిన ముక్క ప్రతిదీ ఇంకో మొక్క అవుతుంది. వెదురుగెడకు ఇనప కొక్కెం కట్టి, దుబ్బుకి దుబ్బు వేళ్లతో సహా లాగాలి. లాగిన దుబ్బుని ఒక్కసారిగా గట్టు మీదకి విసరకండి. దాని వేళ్లు ముసలాయన గడ్డంలా మూరెడు పొడుగున నల్లగా వేలాడుతుంటాయి. ఆ గడ్డంలో గోరంత రొయ్యపిల్లలు, నత్తలు, అప్పుడే కళ్లు తెరిచిన చేపపిల్లలు చిక్కుకుని ఉంటాయి. నీళ్లలో రెండుసార్లు బాగా జాడించి, అవి రాలిపోయాకే ఎత్తండి. మా వాళ్లకి ఇది నేర్పడానికి నాకు రెండేళ్లు పట్టింది. డెక్కతోపాటు వాటినీ గట్టున ఎండబెట్టి చంపితే ఇక మనం కాపాడేది ఏముంది?

తీసినదాన్ని ఎక్కడ వేస్తారన్నది ముందే తేల్చుకోండి. మొదటి ఏడు మేం చేసిన తప్పు ఇదే. నాలుగు రోజులు నలభై మందిమి చెమటోడ్చి, కాలువ గట్టు అంచునే కుప్పలు పోశాం. జూన్ మొదటి వానకి గట్టు జారి సగం కుప్ప మళ్లీ నీళ్లలోకి దిగింది. పచ్చిగా ఉన్నదంతా బతికింది. వంతెన మీద నిలబడి చూసినవాళ్లు నవ్విపోయారు. అందుకని గట్టుకి అవతలి వాలులో, వరదొచ్చినా అందని చోట, వేళ్లు ఆకాశంకేసి పెట్టి పల్చగా పరచండి. ఎండ వేళ్లకి తగలాలి. డెక్కలో నూటికి తొంభై పాళ్లకు పైగా నీరే కాబట్టి ఎండిపోయాక లారీడు కుప్ప తట్టెడవుతుంది.

పూత రానిదాన్ని ఎరువు చేసుకోవచ్చు. ఎండిన డెక్క ఒక పొర, పేడ ఒక పొర, పైన మట్టి, ఇలా పేర్చి తడి ఆరకుండా చూసుకుంటూ మధ్యలో రెండు మూడుసార్లు తిరగేస్తే రెండు మూడు నెలల్లో చివికిపోతుంది. పూసినదాన్ని, ఫ్యాక్టరీ నీళ్లు కలిసే మురుగు కాలువలోంచి తీసినదాన్ని మాత్రం ఎరువు చేయకండి. నీటిలోని సీసం, కాడ్మియం లాంటి లోహాలను ఈ మొక్క వేళ్లతో పీల్చి దాచుకుంటుంది. అది వంగతోటకి వేస్తే చివరికి చేరేది మన కంచంలోకే.

గడ్డిమందు కొడదామని ఎవరో ఒకరు అంటారు, ప్రతి ఊళ్లోనూ అంటారు. వద్దని గట్టిగా చెప్పండి. చచ్చిన డెక్క నీళ్లలోనే కుళ్లి, ఉన్న ప్రాణవాయువు లాగేసి చేపని చంపుతుంది. పైగా మంచినీటి చెరువులు నింపుకునేది కూడా ఈ కాలువల్లోంచే.

ఆకు మీద గోరుతో గీకినట్టు చిన్నచిన్న మచ్చలు కనిపిస్తే సంతోషించండి. డెక్కని మాత్రమే తినే ముక్కుపురుగుల్ని 1980ల మొదట్లో బెంగళూరు శాస్త్రవేత్తలు తెప్పించి, పరీక్షించి వదిలారు. ఆ మచ్చలు వాటి పనే. అవి ఒక్కటే కాలువని శుభ్రం చేయలేవు, మొక్కని నీరసపరుస్తాయి అంతే. అక్కడ ఏ మందూ పడకుండా చూడండి.

నీళ్లు వదిలాక పదిహేను రోజులకోసారి ఒక మనిషి గట్టు వెంట నడవాలి. విడివిడిగా తేలివచ్చే నాలుగైదు దుబ్బులు అప్పుడే తీసేస్తే పది నిమిషాల పని. అవే సంక్రాంతికి మళ్లీ నలభై మంది పని అవుతాయి.

గట్లమీది వయ్యారిభామ కలుపు సంగతి చిన్నదే. వాన పడ్డ మర్నాడు, నేల మెత్తగా ఉన్నప్పుడు, తెల్లపూత రాకముందు, చేతికి తొడుగులేసుకుని వేళ్లతో సహా లాగెయ్యండి. దురద, ఉబ్బసం ఉన్నవాళ్లు దాని దగ్గరికి పోకూడదు. సముద్రం వైపు ఊళ్లలో మడ అడవి అంచున పాకే సర్కారు తుమ్మది వేరే కథ. పైపైన నరికితే పది కొమ్మలు వేస్తుంది. మొదలు చుట్టూ తవ్వి వేరుతో తియ్యాలి, కాయ పండకముందు తియ్యాలి. పశువులు కాయ తిని పేడలో గింజలు మోసుకెళ్లి ఊరంతా నాటుతాయి. అయితే ఆ తుమ్మే కొంతమందికి పొయ్యిలో కట్టె. వాళ్లతో మాట్లాడకుండా మొదలుపెడితే పని సగంలో ఆగుతుంది. తీసిన కట్టె వాళ్లకే ఇవ్వండి. అభయారణ్యం హద్దుల్లో మాత్రం అటవీశాఖ అనుమతి లేకుండా కొమ్మ కూడా ముట్టుకోవద్దు.

చెరువులోకి ఏం వదులుతున్నాం

మా మేనల్లుడు రాజమండ్రిలో అద్దాల తొట్టి తీసేస్తూ, అందులో పాచి తినే నల్లచేపని జాలిపడి మా ఊరి చెరువులో వదిలాడు. మూడేళ్ల తర్వాత వలలో పడింది, జానెడు పైనే ఉంది, ఒంటినిండా పెంకు, రెక్కలకి ముళ్లు. వల విప్పడానికి గంట పట్టింది, చివరికి వలే కోయాల్సి వచ్చింది. దెయ్యం చేప అంటున్నది దీన్నే. గట్లలో బొరియలు చేసి గుడ్లు పెడుతుంది. దొరికితే మళ్లీ నీళ్లలోకి విసరొద్దు, గట్టు మీద బతికుండగా వదిలెయ్యొద్దు. చంపి గొయ్యి తీసి పాతిపెట్టండి, ఫొటో తీసి మత్స్యశాఖవాళ్లకి పంపండి. తొట్టి చేప వద్దనుకుంటే కొన్న కొట్టుకే తిరిగి ఇవ్వండి.

1952లో మన దేశానికి తెచ్చిన తిలాపియా ఇప్పుడు ఏ బోదెలో చూసినా ఉంది. దాన్ని వెళ్లగొట్టడం ఎవరివల్లా కాదు, కాబట్టి పట్టి తినండి. ఈ వ్యాసం మొత్తంలో ఎంత తిన్నా తప్పులేదని నేను చెప్పేది దాని గురించే. ఆఫ్రికా క్యాట్‌ఫిష్ అలా కాదు. దాని పెంపకాన్ని కేంద్రం 2000లోనే నిషేధించింది. వరదకి చెరువు పొంగి బయటపడితే కనిపించిన చేపనల్లా తింటుంది. కోళ్ల వ్యర్థాలు లారీల్లో రాత్రిపూట ఏ చెరువుకి చేరుతున్నాయో గమనిస్తే ఎక్కడ పెంచుతున్నారో తెలిసిపోతుంది. గొడవకి దిగకుండా ఫిర్యాదు చేయండి. ఎలాగో కింద చెబుతాను.

రొయ్యల రైతులకి ఒక్కమాట. వనామీ మన రొయ్య కాదు, పసిఫిక్ తీరానిది, 2009లో అనుమతిచ్చారు. పట్టుబడి రోజున నీళ్లు వదిలే తూముకి సన్నకన్ను వల రెండు వరసలు కట్టండి. తెగులు వచ్చిన చెరువు నీళ్లని శుద్ధి చేయకుండా పాయలోకి వదలడం పక్కవాడి చెరువులో విషం పోసినట్టే.

మొక్క కొన్నప్పుడు

కొబ్బరిలో తెల్లదోమ వచ్చి కోనసీమ ఎంత ఏడ్చిందో మళ్లీ చెప్పాలా? మధ్య అమెరికా వైపునుంచి వచ్చిన ఈ సర్పిలాకార తెల్లదోమ 2016లో పొల్లాచ్చిలో బయటపడింది. అదే ఏడు చివర్లో కడియం నర్సరీల్లో కనిపించింది. దానికి అంతదూరం ఎగిరే శక్తి లేదు, మొక్కలతోపాటు బండెక్కి వచ్చింది.

అందుకని మొక్క ఎక్కడ కొన్నా ఆకు తిరగేసి చూడండి. అడుగున వేలితో సున్నం చుట్టినట్టు తెల్లటి చుట్టలుంటే కొనకండి. బాగున్న మొక్కనైనా మూడు వారాలు తోటకి దూరంగా, ఇంటిముందు పెట్టి చూసుకోండి. ఇప్పటికే తోటలోకి వచ్చేసి ఉంటే రసాయన మందుల జోలికి పోవద్దు. దోమ లోపల గుడ్డుపెట్టి దాన్ని చంపే ఎన్‌కార్సియా అనే చిన్న కందిరీగ కూడా ఆ మందుకే చస్తుంది, దోమ మళ్లీ రెట్టింపవుతుంది. ఆకు అడుగుభాగానికి తగిలేలా నీళ్లు వేగంగా కొట్టడం, వేపనూనె, జిగురు పూసిన పసుపు అట్టలు, వీటితో నెట్టుకురండి. ఆకుమీద నల్లటి మసి పట్టి ఉంటే లీటరుకి 10 గ్రాముల గంజిపొడి కలిపి కొట్టండి, ఎండకి పెచ్చులుగా రాలిపోతుంది. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానంలో అడిగితే మిత్రపురుగుల సంగతీ, దోమని చంపే శిలీంధ్రం సంగతీ చెబుతారు.

ఇంటిముందు పచ్చగోడలా పెరుగుతుందని కోనోకార్పస్ మొక్క అంటగడితే వద్దనండి. గుజరాత్ 2023లో దాన్ని నాటడం నిషేధించింది. నీడకి కానుగ ఉంది, పొన్న ఉంది.

పులస, చీరమేను, మండపీత

ఇక మన నోటి సంగతి. ఇది రాయడం కష్టం, ఎందుకంటే నేనూ తింటాను. పుస్తెలమ్మైనా పులస తినాలన్నది మన సామెతే కదండీ.

సముద్రంలో విలసగా తిరిగే చేప గోదావరికి ఎర్రనీరు తగలగానే ఏటికి ఎదురీదుతూ వస్తుంది. వచ్చేది మన కూర కోసం కాదు, మంచినీళ్లలో గుడ్లు పెట్టడానికి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక దాని దారి అక్కడికే పరిమితమైంది. ఇప్పుడు ఆ మిగిలిన దారిలో కూడా మొగ (ఏరు సముద్రంలో కలిసేచోటు) నుంచి ఆనకట్ట దాకా వలలే. సముద్రంలో మరబోట్ల వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు. పులస వచ్చేదేమో జులైలో. అంటే దాని అదనుకి సముద్రంలో నిషేధం ముగిసిపోయి ఉంటుంది. చట్టం చేయని పని ఊరే చేసుకోవాలి.

చేయగలిగింది ఇదీ. వల వేసేవాళ్ల పెద్దలతో కూర్చుని మూడు ఒప్పందాలు చేసుకోండి. పాయ ఒడ్డునుంచి ఒడ్డుదాకా వల కట్టకూడదు, చేపకి మధ్యలో దారి వదలాలి. వారంలో ఒకటి రెండు రాత్రులు వల తీసెయ్యాలి. దోమతెర లాంటి సన్నకన్ను వల ఎవరూ దింపకూడదు. "మేం వదిలితే పైవాడు పడతాడు కదండీ" అంటారు. నిజమే, అందుకే ఒక్క ఊరితో కాదు, ఒకే పాయ మీదున్న రెండు మూడు ఊళ్లతో మాట్లాడాలి. కొనేవాళ్లు చేయాల్సింది ఇంకా సులువు. కడుపునిండా జనతో, అంటే గుడ్లతో, ఉన్న పులసకి ఎక్కువ ధర ఇవ్వడం మానండి. యానాం వేలంపాటలో ఎంత పలికిందని గొప్పలు చెప్పుకోవడం మానినా సగం మేలే.

చీరమేను మాట ఎత్తితే మా ఇంట్లోనే గొడవ. దసరా దాటి తూర్పుగాలి మొదలయ్యాక మొగల దగ్గర చీరలు పట్టి తీసే, అంగుళం కూడా ఉండని పిల్ల అది. బియ్యంలా సేరుతో, కుంచంతో కొలిచి అమ్ముతారు. ఒక్క సేరులో ఎన్ని వేల ప్రాణాలో ఒకసారి పళ్లెంలో పోసి లెక్కపెట్టడం మొదలెట్టాను, మూడు వందల దగ్గర వదిలేశాను, పళ్లెంలో మూల కూడా తరగలేదు. పూర్తిగా మానెయ్యమంటే ఎవరూ వినరు. మేం ఏడాదికి ఒక్కసారి అని కట్టుబాటు పెట్టుకున్నాం. ఇంటికి బకెట్లతో తెప్పించి బంధువులకి పార్శిళ్లు పంపడం మానేశాం.

మండపీతకి నియమం సూటిగా ఉంటుంది. తిరగేసి చూడండి. పొట్టకింద నారింజరంగు గుడ్ల ముద్ద ఉంటే వదిలెయ్యాలి, అరచేతికన్నా చిన్నదైతే వదిలెయ్యాలి. కోరింగ మడలో ఈ పీతల మీదా చేపల మీదా బతికే బావురుపిల్లులు, నీటికుక్కలు ఉన్నాయని గుర్తుంచుకోండి. ఆ అడవిలో పీతల కోసం మడ వేళ్లు నరికేవాళ్లని చూస్తే మాత్రం ఊరుకోవద్దు.

చెరువు తాబేలు విషయంలో బేరాలు లేవు. గోనెసంచుల్లో కట్టి ఒడిశా వైపు తరలిస్తుంటారు. అది వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉంది. పట్టుకున్నా అమ్మినా మూడేళ్లకి తగ్గకుండా జైలు, 25 వేలకి తగ్గకుండా జరిమానా. కొన్నవాళ్లకీ అంతే.

అంతర్వేది, ఓడలరేవు వైపువాళ్లు జనవరి నుంచి మార్చి దాకా ఇసుకలో ట్రాక్టర్లు తిప్పొద్దు, తీరంవైపు తిరిగిన పెద్ద దీపాలు ఆర్పండి. ఆలివ్ రిడ్లే గుడ్లు పెట్టేది అప్పుడే. 45, 60 రోజుల తర్వాత పిల్లలు వెలుతురు ఎటుంటే అటు పాకుతాయి. గూడు కనిపిస్తే తవ్వకుండా, కుక్కలు రాకుండా ముళ్లకంప వేసి అటవీశాఖకి చెప్పండి. సరుగుడు తోటలు నీటి అంచుదాకా వేయొద్దు, తాబేలుకి ఖాళీ ఇసుక కావాలి.

చివరగా కాగితం

2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీకి జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి, ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ ఉండాలి. మా దగ్గర అడిగితే కమిటీ ఉందన్నారు, అందులో ఉన్నవాళ్లకే ఆ సంగతి తెలియదు. రిజిస్టర్‌లో పక్క మండలం చెట్ల పేర్లు ఉన్నాయి. తిట్టుకుంటూ కూర్చోకుండా మన నోటుపుస్తకాన్ని శుభ్రంగా తిరగరాసి, గ్రామసభలో చదివించి, రిజిస్టర్‌లో చేర్చమని అర్జీ ఇవ్వండి.

ఫిర్యాదులు మూడు చోట్లకి. చేప సంగతి మత్స్యశాఖకి, తాబేలు, మడ సంగతి అటవీశాఖకి, కాలువ సంగతి జలవనరుల శాఖకీ నీటి సంఘానికీ. ప్రతి కాగితంలో చోటు, తేదీ, మీరు కళ్లతో చూసింది మాత్రమే రాయండి. విన్నది రాయొద్దు. రెండు ప్రతులు పట్టుకెళ్లి, ఒకదాని మీద ముద్ర వేయించుకుని, ఆ ప్రతిని నోటుపుస్తకంలో అంటించండి. నెల దాటినా కదలిక లేకపోతే ఆ ముద్రని పట్టుకునే మళ్లీ వెళ్లాలి.